తమ్ముడిది పొగరు కాదమ్మా, భయం

మా తమ్ముడికి 27 ఏళ్లు. ఇంటి నుంచే ఉద్యోగం. టీమ్ లీడ్‌ను చేస్తామంటే వద్దన్నాడు. పార్సిల్ అబ్బాయి ఫోన్ చేసినా నాకే ఇచ్చి మాట్లాడమంటాడు. చుట్టాలొస్తే తలుపేసుకుంటాడు. వాళ్లు వెళ్లాక వంటింట్లో నిలబడి తింటూ ‘బాబాయ్ నా గురించి అడిగాడా?’ అంటాడు. పెళ్లిచూపుల మాటెత్తితే రెండు రోజులు అన్నం మానేశాడు. డాక్టరు ‘అవాయిడెంట్ పర్సనాలిటీ డిజార్డర్’ అన్నారు. అమ్మ పొగరంటుంది. వాణ్ని ఎలా చూసుకోవాలి?
– ఒక అక్క, గుంటూరు

‘బాబాయ్ అడిగాడా?’ అన్న మాట దగ్గరే ఆగిపోయానమ్మా. మనుషులు అక్కర్లేనివాడు అలా అడగడు. వాడికి అందరూ కావాలి. దగ్గరికెళ్తే నవ్వుతారేమో, తీసిపారేస్తారేమో అని భయం. ఆ భయంతో మనుషులకు దూరంగా తప్పుకోవడమే డాక్టరు చెప్పిన అవాయిడెంట్ పర్సనాలిటీ డిజార్డర్. అమ్మకు ఇదే చెప్పండి. ‘కాస్త కలుపుగోలుగా ఉండరా’ అని నలుగురిలో అంటే ఇంకా ముడుచుకుపోతాడు.

ఇలాంటివాళ్లను చూసుకునే నర్సులు ముందు మాట నిలబెట్టుకుంటారు. పది నిమిషాలు కూర్చుంటామంటే పది నిమిషాలే. మీరూ అంతే. వాడికి చెప్పకుండా ఎవర్నీ ఇంటికి పిలవకండి, ముఖ్యంగా పెళ్లివాళ్లను.

తర్వాత, భయపెట్టే పనిని చిన్న ముక్కలు చేయాలి. పార్సిల్ ఫోన్‌తోనే మొదలుపెట్టండి. మీరు పక్కన కూర్చోండి, ‘గేటు దగ్గర పెట్టండి’ అని వాడే చెప్పాలి. అది అలవాటయ్యాక గేటు దాకా వెళ్లి తీసుకోవాలి. ఏ మెట్టు ఎప్పుడెక్కాలో వాడే నిర్ణయించుకోవాలి. జాలిపడి అన్నీ మీరే చేసిపెడితే మాత్రం భయం పెరుగుతుంది. ముందు ఏం జరుగుతుందనుకున్నాడు, నిజంగా ఏం జరిగింది, ఆ సాయంత్రం మాట్లాడుకోండి. ఆకాశానికెత్తి పొగడకండి, ఊరికే అంటున్నారనుకుంటాడు. ‘ఇవాళ నువ్వే మాట్లాడావురా’ అంటే చాలు.

ఈ డిజార్డర్‌కంటూ ప్రత్యేకమైన మందు లేదు. తోడుగా డిప్రెషన్, ఆందోళన ఉంటే వాటికి డాక్టరు మందులిస్తారు. అసలు చికిత్స సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) లాంటి థెరపీలే, నెలల తరబడి సాగుతాయి. థెరపిస్టు ఏమనుకుంటారోనని మధ్యలో ఎగ్గొట్టొచ్చు కూడా. తిట్టకుండా మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకోండి.

అన్నం మానేయడమే నాకు టెన్షన్‌గా ఉంది. చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాడు చేయలేకపోతే మీరే చేయండి. పెళ్లి మాట మాత్రం ఇప్పటికి ఆపేయమని అమ్మకు చెప్పండి.