పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జాబితాలో లేని మాట

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కళాశాల వక్తృత్వ పోటీకి ‘స్త్రీవాదం: చరిత్ర, లక్ష్యాలు’ అనే అంశం ఇచ్చారు. ఇంట్లో ఆ మాట ఎత్తగానే మా పెదనాన్నగారు, "ఇదంతా దొరల దేశం సరుకు. ఆడవాళ్లకు జరగవలసిన మేలేదో గురజాడ వారి కాలంలోనే జరిగిపోయింది" అని తీసిపారేశారు. ఆయన మాటలో ఎంత నిజం ఉంది?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీ పెదనాన్నగారు గురజాడను తలచుకోవడం మంచిదే అయింది. మీ ప్రశ్నకు సగం జవాబు ‘కన్యాశుల్కం’ ముందుమాటలోనే ఉంది. ఆ నాటకాన్ని 1892లో మీ ఊళ్లోనే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చువేశారు. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోది. ఆ జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లకు ఆనంద గజపతి మహారాజు ఒక జాబితా తయారుచేయించారని తొలి ముద్రణ ముందుమాటలో గురజాడ రాశారు. డబ్బు పుచ్చుకున్నామని ఎవరూ ఒప్పుకోరు కాబట్టి అది పూర్తి జాబితా కాదంటూనే ఆయన లెక్క చెబుతారు: మొత్తం పెళ్లిళ్లు 1034; పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఒక్కోసారి బేరం కుదిరేదట.

ఈ లెక్క చదివిన ప్రతిసారీ నేను ఆ ముగ్గురి దగ్గర ఆగిపోతాను. పీటల మీద నిలకడగా కూర్చోవడమైనా వచ్చిందో లేదో వాళ్లకు. అలాంటి జాబితా రాయించడం, ఆ దురాచారం మీద ఊరందరి ముందూ నాటకం ఆడించడం ఆ రోజుల్లో సామాన్యమైన పని కాదు. అయితే జాబితా రాయించినవారూ, చదివినవారూ, దాని మీద వాదించుకున్నవారూ మగవారే. అందులో పిల్లల వయసు ఉంది గాని, పిల్లల మాట లేదు. ఈ ఆచారం తప్పు, వీళ్లను కాపాడాలి అని పెద్దలు పూనుకుంటే దాన్ని సంస్కరణ అన్నారు. నా పెళ్లి సంగతి నన్ను అడగనక్కరలేదని ఎవరు తీర్మానించారు, అందువల్ల ఎవరికి లాభం అని జాబితాలోని మనిషే లేచి అడగడం మొదలుపెట్టినప్పుడు దానికి వేరే పేరు అవసరమైంది. స్త్రీవాదం అన్న మాట మనకు ఆలస్యంగా వచ్చిందే గాని, ఆ ప్రశ్న అంత ఆలస్యం కాలేదు. కందుకూరి వారు రాజమండ్రిలో 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించిన మరుసటి ఏడే, మరాఠీలో తారాబాయి షిండే అనే ఆవిడ, తప్పు ఇద్దరిదైనప్పుడు శిక్ష ఆడదానికే ఎందుకని నిలదీస్తూ ఒక చిన్న పుస్తకం రాసింది. మన తెలుగులో భండారు అచ్చమాంబ 1901, 1902 నాటికే స్త్రీల చరిత్రలు, కథలు అచ్చువేయించింది.

ఇక దొరల దేశం సంగతి. అక్కడ కూడా ఇది ఎవరూ పళ్లెంలో పెట్టి ఇచ్చినది కాదు. ఇంగ్లండులో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల మీద 1792లో రాసిన పుస్తకాన్ని ఆమె దేశస్థులే వెక్కిరించారు. అమెరికాలో సెనెకా ఫాల్స్ అనే ఊళ్లో ఆడవాళ్లు సభ పెట్టి ఓటు అడిగినది 1848లో. మన పూనాలో సావిత్రీబాయి ఫూలే ఆడపిల్లల బడి తెరిచినదీ ఆ ఏడే. ఆడవాళ్లకు ఓటు న్యూజిలాండులో 1893లో వచ్చింది. మద్రాసు శాసనసభకు ఓటు వేసే హక్కును, ఆస్తి ఉన్నవారి వరకే అయినా, మగవారితో సమానమైన షరతుల మీద 1921లోనే స్త్రీలకు ఇచ్చారు. బ్రిటన్‌లో మగవారితో సమానంగా ఓటు 1928లో గాని రాలేదు. ఫ్రాన్సులో 1944, స్విట్జర్లాండులో 1971. పెదనాన్నగారికి ఈ ఏళ్లను వరుసగా చదివి వినిపించండి.

పుస్తకాల్లో స్త్రీవాద చరిత్రకు, ఓటు కోసం సాగిన పోరు తొలి అల, ఇంట్లో, ఉద్యోగంలో, చట్టంలో సమానత కోసం తరువాత సాగినది మలి అల అంటూ విభజన కనిపిస్తుంది. పోటీకి పనికొస్తే వాడుకోండి గాని, నాకు దాని మీద అంత మోజు లేదు. ఆ కొలత పట్టుకుంటే మన వీరగున్నమ్మను ఏ అలలో వేయాలో తెలియదు. మందస జమీందారీ మీద 1940లో రైతులు తిరగబడినప్పుడు గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు ఎదురు నిలిచి చనిపోయిన మనిషి ఆమె. ఓటు కోసం కాదు, అడవి మీద ఊరివాళ్ల హక్కు కోసం వెళ్లింది.

స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం చట్టం ఇచ్చిందే చాలనుకున్నారు. మథుర అనే ఆదివాసీ బాలికపై ఠాణాలోనే అత్యాచారం జరిగిన కేసులో సుప్రీంకోర్టు 1978లో ఇద్దరు పోలీసులను విడిచిపెట్టడంతో ఆ నమ్మకం సడలి, దేశమంతటా స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. అత్యాచార చట్టాన్ని 1983లో సవరించవలసి వచ్చింది. తెలుగులో ఆ కాలపు వేడి కవిత్వంలోకి దిగింది. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవితల సంకలనం మీ కళాశాల గ్రంథాలయంలో ఉంటే తప్పక చూడండి. ఆ కవితల్లో మీరు చెప్పే వంటిల్లు ఎవరి వంటిల్లు, అందులో అంట్లు తోమే మనిషి ఎవరు అని దళిత స్త్రీలు ఆ తరువాత అడిగారు. ఆ ప్రశ్న వేయకపోతే ఉద్యమం అక్కడే కూర్చుండిపోయేది.

ప్రశ్న: చదువు, ఓటు, ఉద్యోగం, ఆస్తి అన్నీ వచ్చాక ఇంకా స్త్రీవాదుల లక్ష్యం ఏమిటి? మా ఇద్దరమ్మాయిల పెళ్లిళ్లు ఘనంగా చేశాం. భూమి అన్నయ్య పేరిట పెట్టడానికి వాళ్లే సంతోషంగా సంతకాలు చేశారు.
– ఒక తండ్రి, పొందూరు మండలం

జవాబు: అయ్యా, మీ అమ్మాయిల సంతోషాన్ని నేను శంకించను. కాని ఇలాంటి సంతకం ఒకదాన్ని దగ్గరగా చూశాను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వరండాలో దస్తావేజు రాసే ఆయన బల్ల ముందు, హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేసి, బొటనవేలి సిరాను గోడకు రాస్తూ ఒకావిడ నాతో అంది: "అన్నియ్యతోటి తగువెట్టుకుంటే సంకురాత్రికి ఏ గుమ్మమెక్కుతాను?" అన్నగారు మంచివాడే, టీ కూడా తెప్పించాడు. పుట్టింటి గుమ్మం నిలుపుకోవడానికి ఆమె పొలంలో వాటా చెల్లించింది, అంతే.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది. అప్పటికే పెళ్లయినవాళ్లను అది వదిలేసింది. దేశమంతటికీ వర్తించే 2005 సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి ఆ సవరణ నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత దూరం వచ్చింది గాని, సంక్రాంతి గుమ్మం దగ్గరికి ఇంకా రాలేదు. సంతకం పెట్టనన్న అమ్మాయికి కూడా పండక్కి కబురు వెళ్లే రోజు కావాలి. మీరడిగిన లక్ష్యాల్లో అదొకటి.

రెండోది మీ ఊళ్లోనే ఉంది. పొందూరు సన్నఖాదీ గురించి రాసేవారందరూ వాలుగ చేప దవడ ఎముకను ముచ్చటగా వర్ణిస్తారు. ఆ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, రాట్నం మీద వడికే చేతులు దాదాపు అన్నీ ఆడవాళ్లవే. కూలి మాత్రం చిలపల (వడికిన నూలు చుట్టల) లెక్క. దువ్వుతూ గడిచిన పూటలు ఆ లెక్కలో విడిగా కనిపించవు. వడుకు మధ్యలో లేచి వార్చిన గంజి ఏ లెక్కలోనూ కనిపించదు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చినా, ఉభాలప్పుడు వంగి నాటు వేసేది ఆడ పని, నారు మోసేది మగ పని అని పేర్లు పెట్టి, ఆ పేర్లను బట్టే కూలి కడుతున్నాం. పనికి కట్టే వెలను తిరగదోడడం కూడా స్త్రీవాదం పనే.

ప్రశ్న: స్త్రీవాదులు మగవాళ్లకు శత్రువులా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: కారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించినప్పుడు కాంట్రాక్టరుకు కోపం వచ్చి ఉంటుంది గాని, వాళ్ల ఇళ్లలో మగవాళ్ల కూలి డబ్బు మిగిలింది.

ప్రశ్న: ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను, మొత్తం ఆరుగురం. యజమాని బంధువు ఒకాయన అసభ్యంగా మాట్లాడుతున్నాడు. చిన్న కొట్టు కాబట్టి ఫిర్యాదుకు చోటే లేదంటున్నారు. నిజమేనా?
– పేరు రాయలేదు, విజయనగరం

జవాబు: నిజం కాదమ్మా. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట యజమానే అంతర్గత కమిటీ వేయాలి. అంతకన్నా తక్కువ మంది ఉంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికీ అదే దారి. ఇది పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టేందుకు వచ్చిన 2013 నాటి చట్టం. దీని వెనక రాజస్థాన్‌కు చెందిన భన్వరీదేవి ఉంది. ప్రభుత్వ కార్యక్రమంలో గ్రామ కార్యకర్తగా పనిచేస్తూ, ఏడాదైనా నిండని పసిపాప పెళ్లిని 1992లో ఆపబోయినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. గురజాడ కాలపు జాబితాలోని ఆ ముగ్గురి లాంటి పాపే. కింది కోర్టులో ఆమెకు న్యాయం జరగలేదు. పనిచేసే చోట స్త్రీకి రక్షణ ఎవరి బాధ్యత అని మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే 1997లో, వాటిలో ఒక సంఘం పేరిట, విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, వాటి నుంచి ఈ చట్టం.

ఫిర్యాదు కాగితం మీద రాసి ఇవ్వాలి. చివరి సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. తగిన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. రాయడం రాకపోతే రాయించే బాధ్యత కమిటీదే. కమిటీ వివరాలు కలెక్టరు కార్యాలయంలో అడగండి. ఆయన ఏ రోజు, ఏ వేళ, ఏమన్నాడో, పక్కన ఎవరున్నారో ఈ రాత్రి నుంచే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి; ఆ పుస్తకం కొట్లో పెట్టకండి.