చదివేకొద్దీ ఎవరినీ నమ్మలేకపోతున్నా

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి పక్కన పల్లె, తిరుపతిలో పీజీ చేస్తున్నా. తాత కాలం నుంచి మా ఇల్లంతా ఒకే పార్టీ. రెండేళ్లుగా లైబ్రరీలో చరిత్ర పుస్తకాలు చదువుతుంటే బడిలో చెప్పిందీ, మీటింగుల్లో విన్నదీ సగం అబద్ధమేమో అనిపిస్తోంది. ఇంట్లో నోరు తెరిస్తే "నాలుగు పుస్తకాలు చదివి మాకే నేర్పిస్తావా" అంటాడు నాయన. ఎవర్ని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, నాకు జరిగింది చెప్తా. చిత్తూరులో డిగ్రీ చదివేటప్పుడు "సీమ నాలుగు జిల్లాలనూ 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాడు" అని స్టేజీ మీద ఆవేశంగా మాట్లాడాను. అందరూ అనే మాటే, చిన్నప్పటి నుంచి విన్నదే. చాన్నాళ్లకు 1881 నాటి నార్త్ ఆర్కాట్ జిల్లా మాన్యువల్ చేతికొచ్చింది. చూస్తే మా చిత్తూరు, మీ చంద్రగిరి, తిరుపతి ఏవీ నిజాం ఇచ్చినవి కావు, ఆర్కాటు నవాబు కింద ఉండి 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయినవి. మదనపల్లె, వాయల్పాడు వైపు కడప జిల్లాలో ఉండేది కాబట్టి దత్తమండలం, అంటే నిజాం రాసిచ్చిన ప్రాంతం అనే మాట అటువైపుకే సరిపోతుంది. ఆ రెండు వైపులనూ కలిపి 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా చేశారు. కర్నూలైతే 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. అంతెందుకు, రాయలసీమ అనే పేరే 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నది.

ఆ రోజు నాకు నాయకులందరి మీదా కోపమొచ్చింది. సీమకు అన్యాయం అనే మాట కూడా కట్టుకథే అనుకుని, అలా రాసిన ఒక కరపత్రాన్ని అక్షరం అక్షరం నమ్మేశాను, ఏడాది పైన. అది పెద్ద తప్పు. కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్ల గురించి, రాజధాని గురించి సీమకు ఇచ్చిన మాట కాగితం మీద ఉంది, 1953లో కర్నూలు రాజధాని అయి మూడేళ్లకే హైదరాబాదుకు పోయిందీ నిజమే. నిజాం కథ తప్పయినంత మాత్రాన నీళ్ల గోడు తప్పయిపోదు కదా. పాత మాటను ఎంత గట్టిగా పట్టి చూశానో, దాన్ని కాదన్న కొత్త మాటనూ అంత గట్టిగా పట్టి చూడాల్సింది, చూడలేదు. నిన్ను మేల్కొలిపిన పుస్తకాన్ని కూడా ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారని అడుగు. ఆ మాన్యువల్ కూడా పన్ను వసూలు చేసే సర్కారు తన అవసరానికి రాయించుకున్నదే.

అన్నీ ఒకేసారి తేల్చుకోవాలనుకుంటే తల తిరుగుతుంది. ఒక్క వాక్యం పట్టుకో, అది మొదట ఏ కాగితంలో ఉందో దొరికేదాకా వెతుకు, నెల పట్టినా సరే.

నాయనతో మాత్రం పుస్తకం చేత్తో పట్టుకుని వాదానికి దిగొద్దు. తాతగారు ఉంటే ఆయన్ని అడుగు, లేకపోతే నాయన్నే అడుగు, మనవాళ్లు ఆ పార్టీ వైపు ఎందుకు పోయారని. భూమి కోసమా, బోరు కోసమా, ఊళ్లో ఎవరైనా అవమానిస్తే అండగా నిలిచారనా? తిరుత్తణి 1960లో అప్పటి మన చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయినప్పుడు ఇక్కడ ఏమనుకున్నారో కూడా అడుగు. అవి నీ లైబ్రరీలో దొరకవు. వాటినీ సరిచూడాల్సిందే అనుకో, కానీ ముందు విని రాసుకో.

ప్రశ్న: తిరుమల చరిత్ర శాసనాల్లోనే చదవాలని ఉంది. తమిళం రాదు, కుదురుతుందా సార్?

జవాబు: కుదురుతుందండీ. అక్కడి శాసనాల్లో ఎక్కువ తమిళంలోనే ఉన్నాయి, తెలుగు, కన్నడవి తక్కువ. దేవస్థానం వాళ్లు 1930ల్లో వాటిని సంపుటాలుగా అచ్చేశారు, మూలంతో పాటు ఇంగ్లీషు అనువాదం ఉంటుంది. పల్లవ రాణి సామవై వెండి విగ్రహం, నగలు, భూమి ఇచ్చిన శాసనంతో మొదలుపెట్టండి. వీలైతే తమిళం తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, మన జిల్లాలో వాళ్లకు కొదవ లేదు.