కొన్ని బార్లీ రకాలకు రాని బూడిద తెగులు మన మినుముకు ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మాగాణి మినుముకు ఏటా బూడిద తెగులు వస్తోంది. బార్లీలో ఒక జన్యువు వల్ల ఈ తెగులు రాదని మా అబ్బాయి చెప్పాడు. దాన్ని మినుములోకి తేలేరా? – దివిసీమ రైతు

జవాబు: మీ అబ్బాయి విన్నది నిజమేనండీ, కానీ అందులో ఒక మెలిక ఉంది. బార్లీలో ఎమ్‌ఎల్‌ఓ అనే జన్యువు పాడైతేనే తెగులు రాదు. అది బాగున్నంత కాలం ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం ఆకులోకి దూరుతుంది. కాబట్టి బార్లీ నుంచి తెచ్చుకునేదేమీ లేదు. మినుములోనే ఉన్న అలాంటి జన్యువును కనిపెట్టి ఆపాలి.

చిక్కంతా ఆ కనిపెట్టడంలోనే ఉంది. ఒక్కో మొక్కలో ఎమ్‌ఎల్‌ఓలు చాలా ఉంటాయి. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోనే 15 ఉన్నాయి, అన్నీ ఒకే పోలిక. అందుకే వాటి డీఎన్‌ఏ అక్షరాలను పక్కపక్కన పెట్టి, తేడాలు లెక్కగట్టి వంశవృక్షం గీస్తాం. ఊళ్లో ఒకే ఇంటిపేరున్న వాళ్లలో ఎవరు ఎవరికి పాలివాళ్లో ముత్తాతల దాకా వెళ్లి తేల్చినట్టే. అరబిడాప్సిస్‌లో 2, 6, 12 నంబర్లవి ఒకే కొమ్మ మీద ఉన్నాయి. ఆ మూడింటినీ ఆపాకే తెగులు పూర్తిగా ఆగింది. 7వ నంబరుది వేరే కొమ్మ. పుప్పొడి గొట్టం అండాన్ని చేరి పగలడానికి అది కావాలి. పొరపాటున దాన్ని ఆపితే గింజ కట్టడం తగ్గుతుంది.

ఇదే చెట్టులో బార్లీ జన్యువు ఒక కొమ్మ మీద, టమాటా, బఠాణీలవి ఇంకో కొమ్మ మీద ఉన్నాయి. బఠాణీలో ఎప్పటినుంచో తెలిసిన తెగులు నిరోధం ఈ జన్యువు పాడవడం వల్లేనని 2011లో తేలింది. బఠాణీ, మినుము రెండూ పప్పుజాతే. అందుకని నేనైతే బఠాణీ జన్యువును పట్టుకునే మినుములో వెతుకుతాను.

అది విత్తనమై మీ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఎల్‌బీజీ 17 అనే మినుము రకం వేసుకోవచ్చు. బూడిద తెగులును తట్టుకుంటుంది గానీ పల్లాకు తెగులుకు లొంగుతుంది, ఆ బెడదున్న పొలంలో వద్దు. విత్తిన 30 రోజులు దాటాక కింది ఆకులను వేలితో రుద్ది చూస్తుండండి. తెల్లపొడి అంటితే వెంటనే లీటరు నీటికి నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. 10–15 రోజులకు మందు మార్చి హెక్సాకొనజోల్ లీటరు నీటికి 2 మి.లీ. కలిపి కొట్టండి. గంధకాన్ని మాత్రం మండుటెండలో కొట్టకండి, ఆకు మాడిపోతుంది.