నడిదారిలో రైలెక్కేవారి సందేహాలు

రాత్రి రైలు ప్రయాణాల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. మన వైపు నుంచి సికింద్రాబాదుకు, బెంగళూరుకు వెళ్ళే బండ్లలో చాలావరకు హౌరాలోనో భువనేశ్వర్‌లోనో బయలుదేరి వస్తాయి. రైల్వే వారి లెక్కలు చాలావరకు బండి బయలుదేరిన చోటు నుంచి మొదలవుతాయి తప్ప మనం ఎక్కే స్టేషను నుంచి కాదు. ఈ ఉత్తరాలలోని చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే.

ప్రశ్న: మా బండి శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస) స్టేషనుకు రాత్రి పన్నెండున్నరకు వస్తుంది. 11వ తేదీకి టికెట్టు తీసుకుని, ఆ రోజు రాత్రి భోంచేసి ఆమదాలవలస వెళ్ళేసరికి బండి ముందు రాత్రే వెళ్ళిపోయిందన్నారు. డబ్బు తిరిగి వస్తుందా? ఇలాంటి బండికి తత్కాల్ టికెట్టు ఏ రోజు తీసుకోవాలి? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: ఖరారైన టికెట్టు చేతిలో ఉండి, బండి సమయానికే వచ్చి, ప్రయాణికుడు వెళ్ళలేకపోతే ఆ డబ్బు తిరిగి రాదండీ. రైల్వే గడియారంలో అర్ధరాత్రి 00:00 గంటలకు తేదీ మారిపోతుంది. మన వాడుకలో 10వ తేదీ రాత్రి పన్నెండున్నర అనుకునే సమయం టికెట్టు మీద 11వ తేదీ 00:30 అవుతుంది. కాబట్టి టికెట్టు 11వ తేదీకే తీసుకోవాలి, ఇంటి నుంచి మాత్రం 10వ తేదీ రాత్రే బయలుదేరాలి. పట్టణం నుంచి స్టేషను సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ వేళకు ఆటో దొరకడం మన అదృష్టాన్ని బట్టి ఉంటుంది కనుక పదిన్నరకల్లా కదలడం మేలు.

తత్కాల్ విషయంలో ఇంకో మెలిక ఉంది. బండి తన మొదటి స్టేషనులో బయలుదేరే తేదీకి ఒక రోజు ముందు తత్కాల్ తెరుస్తారు. ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు అమ్మకం మొదలవుతుంది. మీ బండి 10వ తేదీన బయలుదేరి 11వ తేదీ 00:30కి మన దగ్గరకు వస్తుందనుకోండి, తత్కాల్ 9వ తేదీ ఉదయమే తెరుచుకుంటుంది. టికెట్టు మీద 11 అని ఉంటుంది కదా అని 10వ తేదీ ఉదయం దాకా వేచి చూసేవారికి మిగిలేది ఇతరులు వదిలేసినదే. మామూలు రిజర్వేషనుకు ఉన్న 60 రోజుల గడువును కూడా బండి బయలుదేరే తేదీ నుంచే లెక్కిస్తారు. కాబట్టి అర్ధరాత్రి దాటాక మన దగ్గరకు వచ్చే బండికి మన ప్రయాణ తేదీకి 61 రోజుల ముందే టికెట్టు దొరుకుతుంది. 2024 నవంబరుకు ముందు ఈ గడువు 120 రోజులు ఉండేది. ఆ పాత లెక్క ఇంకా మనసులో పెట్టుకున్న వారు అనవసరంగా తొందరపడుతున్నారు. ఆన్‌లైన్‌లో తత్కాల్ తీసుకోవాలంటే 2025 జులై నుంచి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఆ పని ముందే చేసి ఉంచుకోండి. ఖరారైన తత్కాల్ టికెట్టును రద్దు చేసుకుంటే డబ్బు రాదన్న సంగతి కూడా మరవకండి.

ప్రశ్న: నాకు 40 ఏళ్ళు, అమ్మకు 68. మోకాళ్ళ నొప్పులతో అమ్మ పైకి ఎక్కలేదు. ఇద్దరికీ కలిపి ఒకే టికెట్టు తీసుకుంటే అమ్మకు పై బర్తు ఇచ్చారు. పెద్దవాళ్ళకు కింద బర్తు ఇస్తారన్నది నిజం కాదా? (ఒక పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: నిజమేనమ్మా, కాని దానికి ఒక షరతు ఉంది. 60 ఏళ్ళు నిండిన పురుషులకు, 45 ఏళ్ళు నిండిన స్త్రీలకు, గర్భిణులకు ప్రతి పెట్టెలో కొన్ని కింది బర్తులను కోటాగా పక్కన పెడతారు. స్లీపరులో ఇవి ఆరేడు, మూడో తరగతి ఏసీలో నాలుగైదు ఉంటాయి. ఆ కోటాలో టికెట్టు తీసుకునేవారు ఒంటరిగానో, ఇద్దరుగానో ఉండాలి. ఇద్దరైతే ఇద్దరూ ఆ అర్హత ఉన్నవారే అయి ఉండాలి. మీ వయసు 40 కనుక, మీ పేరు అదే టికెట్టులో చేర్చగానే అమ్మగారు కూడా ఆ కోటాకు దూరమయ్యారు. అమ్మగారి టికెట్టు విడిగా, ఆ కోటాలోనే తీసుకోండి. అలా చేస్తే ఇద్దరికీ వేర్వేరు పెట్టెలు రావచ్చు. అయినా మా దృష్టిలో కింది బర్తే ముఖ్యం. కింద బర్తు ఉన్నవారిని మీ పెట్టెలోకి మారమని ఒప్పించడం కన్నా, పై బర్తుకు మారమని ఒప్పించడం చాలా కష్టం.

వచ్చిన బర్తు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. స్లీపరులోను, మూడో తరగతి ఏసీలోను బర్తు సంఖ్యను 8తో భాగించండి. శేషం 1 గాని 4 గాని అయితే కింది బర్తు, 2 లేదా 5 అయితే మధ్య బర్తు, 3 లేదా 6 అయితే పై బర్తు. శేషం 7 అయితే పక్క వరసలో కిందిది, ఏమీ మిగలకపోతే పక్క వరసలో పైది. ఇక వృద్ధులకు టికెట్టు ధరలో ఇచ్చే రాయితీ 2020 మార్చిలోనే ఆగిపోయింది. అది, ఈ బర్తు కోటా వేర్వేరు విషయాలు.

ప్రశ్న: ఆమదాలవలస నుంచి నా వెయిటింగ్ లిస్టు సంఖ్య 9, అదే బండికి భువనేశ్వర్ నుంచి మా తోడల్లుడి సంఖ్య 40. ఆయనది ఖరారైంది, నాది కాలేదు. ఇదెక్కడి న్యాయం? (ఒక పాఠకుడు, ఆమదాలవలస)

జవాబు: మీరిద్దరూ నిలబడిన వరసలే వేరు. బండి మొదలయ్యే చోటు నుంచి ఎక్కేవారికి ఇచ్చేది జనరల్ వెయిటింగ్ లిస్టు. దానికి బర్తులు ఎక్కువ, రద్దయ్యేవి కూడా ఎక్కువ. నడుమ ఉన్న చిన్న స్టేషన్లన్నింటికీ కలిపి ఒక చిన్న కోటా ఉంటుంది. దానిమీద ఇచ్చేది పూల్డ్ కోటా వెయిటింగ్ లిస్టు, టికెట్టు మీద పీక్యూడబ్ల్యూఎల్ అని కనిపిస్తుంది. ఆ కోటాలో ఎవరైనా రద్దు చేసుకుంటేనే మీ సంఖ్య ముందుకు కదులుతుంది కనుక 9 కూడా పెద్ద సంఖ్యే.

అంత అవసరమైన ప్రయాణమైతే బండి మొదలయ్యే స్టేషను నుంచి టికెట్టు కొని, ఎక్కే స్టేషనుగా శ్రీకాకుళం రోడ్డును ఎంచుకోవచ్చు. ఛార్జీ పూర్తి దూరానికి కట్టాలి. పండక్కి వచ్చి తిరిగి వెళ్ళేవారికి ఆ అదనపు సొమ్ము దండుగ కాదనే మా అభిప్రాయం, మామూలు రోజుల్లో మాత్రం అనవసరం. చార్టు సిద్ధమయ్యాక కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉన్న ఆన్‌లైన్ టికెట్టు దానంతట అదే రద్దవుతుంది. కౌంటరులో కొన్నదైతే బండి బయలుదేరడానికి అరగంట ముందులోగా మీరే రద్దు చేయించుకోవాలి. దానితో స్లీపరులోగాని ఏసీలోగాని ఎక్కడానికి వీల్లేదు.

ప్రశ్న: విజయనగరంలో ఎక్కితే విశాఖపట్నంలో చాలాసేపు ఆగి, వచ్చిన దారినే వెనక్కి బయలుదేరింది. పొరపాటున వేరే బండి ఎక్కానేమోనని భయపడ్డాను. (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: సరైన బండిలోనే ఉన్నారమ్మా. విశాఖ స్టేషను ప్రధాన మార్గానికి కొంచెం పక్కగా ఉంది. లోపలికి వచ్చిన బండి మళ్ళీ అదే వైపుగా బయటికి వచ్చి దువ్వాడ దారి పట్టాలి. అందుకే అక్కడ ఇంజనును ఒక కొస నుంచి తీసి రెండో కొసకు తగిలిస్తారు. అప్పటిదాకా ముందున్న పెట్టెలు వెనక్కి పోతాయి. దిగే స్టేషనులో మీకోసం వచ్చేవారికి పెట్టె ఇంజను దగ్గర ఉందో చివర ఉందో ఫోనులో చెప్పాలనుకుంటే విశాఖ దాటాకనే చెప్పండి. విశాఖ స్టేషనులోకి రాకుండా బయటి మార్గంలో నేరుగా దువ్వాడ వెళ్ళిపోయే బండ్లు కూడా ఉన్నాయి. కాబట్టి మీ బంధువులు ఎవరైనా విశాఖలో ఎక్కి మీతో కలవాలనుకుంటే ముందుగా ఆ సంగతి చూసుకోవాలి.

ప్రశ్న: మధ్య బర్తు వాళ్ళు రాత్రి ఎనిమిదికే బర్తు వేసేస్తే ఒప్పుకోవాలా? (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: అక్కర్లేదు. నిద్రకు కేటాయించిన సమయం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు. ఆ లోపల కింది బర్తు వారు మధ్య బర్తు వేయడానికి అడ్డు చెప్పకూడదు, ఆ వేళ దాటితే మధ్య బర్తు వారు దాన్ని మడిచి అందరికీ కూర్చునే చోటు ఇవ్వాలి. అనారోగ్యంతో ఉన్నవారు, గర్భిణులు ముందుగా పడుకోవలసి వస్తే మిగిలినవారు సర్దుకుపోవాలని రైల్వే వారే కోరుతున్నారు. మాట వినకపోతే టీటీఈకి చెప్పండి, ఆయన కనిపించకపోతే రైల్వే సహాయ నంబరు 139కి ఫోను చేయండి.