పాఠకుల ప్రశ్నలు: కొత్త అక్వేరియంలో నీరు ఎప్పటికి సిద్ధమవుతుంది?

ప్రశ్న: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న అక్వేరియం కొన్నాం. షాపువారు చెప్పినట్టే ఒక రోజంతా ఫిల్టరు నడిపి, మర్నాడు ఆరు గోల్డ్ ఫిష్‌లను వదిలాం. నీరు తేటగానే ఉన్నా వారం తిరగకముందే నాలుగు చనిపోయాయి. మిగిలిన రెండూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఫిల్టరు స్పాంజిని రెండు రోజులకొకసారి కుళాయి కింద శుభ్రంగా కడుగుతూనే ఉన్నాం. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీరు రాసిన లక్షణాలను బట్టి మొదట అనుమానించవలసింది అమ్మోనియాను. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజనిలో అధికభాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. మలం, తినకుండా వదిలేసిన మేత కుళ్లినప్పుడు పుట్టేది దానికి అదనం. చేపలను చంపే మోతాదులో ఉన్నా అది కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. అందువల్ల నీటి తేటదనాన్ని చూసి ధైర్యపడడానికి వీలులేదు.

చెరువులోనైనా అక్వేరియంలోనైనా ఈ అమ్మోనియాను వదిలించేవి సూక్ష్మజీవులే. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చేస్తుంది కాబట్టి, నీటిలో గాలి ఉన్నా చేపకు ఊపిరాడదు. ఆ నైట్రైట్‌ను రెండో రకం సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలా పుస్తకాలు ఇప్పటికీ రాస్తున్నాయి గాని, మంచినీటి అక్వేరియం ఫిల్టర్లలో ఆ పనిలో ఉన్నవి ప్రధానంగా నైట్రోస్పైరా జాతివని 1998లో ప్రచురితమైన అమెరికన్ పరిశోధనలో తేలింది. నైట్రేట్ చాలా తక్కువ విషం. వారానికోసారి కొంత నీరు మారిస్తే అది అదుపులో ఉంటుంది. ఈ గొలుసు మొత్తం కుదురుకోవడాన్నే అక్వేరియం పెంచేవారు ‘సైక్లింగ్’ అంటారు. దానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఎందుకంటే ఈ జీవులు తమ సంఖ్యను రెట్టింపు చేసుకోవడానికే దాదాపు ఒక రోజు తీసుకుంటాయి. ఫిల్టరును ఒక రోజు నడిపితే చాలునని చెప్పిన షాపువారు మీకు నడుస్తున్న మోటారును మాత్రమే ఇచ్చారు.

ఇక మీ ప్రశ్నలో అన్నింటికంటే ముఖ్యమైన మాట చివరిది. ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలుతూ తిరిగేవి కావు. స్పాంజి రంధ్రాలలో, పింగాణీ రింగుల మీద, గులకరాళ్ల మీద జిగురు పొరగా అంటుకుని బతుకుతాయి. ఫిల్టరు అంటే చెత్తను వడకట్టే జల్లెడ అని మనలో చాలామందికి ఉన్న అభిప్రాయం వల్లనే స్పాంజిని తెల్లగా అయ్యేదాకా కడుగుతాం. మీరు రెండు రోజులకొకసారి కుళాయి కింద పెట్టినప్పుడల్లా, అప్పుడప్పుడే పట్టు దొరికిన ఆ పొర కొంత కొట్టుకుపోయి, మిగిలినది క్లోరిన్‌కు గురై, లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ఫిల్టరు నుంచి వచ్చే ధార సన్నబడినప్పుడు మాత్రమే స్పాంజిని తీసి, అక్వేరియం నుంచి తోడిన నీటిలోనే రెండు మూడుసార్లు పిండి తిరిగి పెట్టండి. అది గోధుమరంగులో ఉండడమే దాని ఆరోగ్యం. స్పాంజి, రింగులు రెండింటినీ ఒకేరోజు మార్చకండి. ఫిల్టరులో నల్లబొగ్గు సంచి ఉంటే అది నీటి రంగును, మందుల శేషాన్ని పీల్చుకుంటుంది గాని అమ్మోనియాను పట్టదు.

ఇప్పుడు ఉన్న రెండు చేపలను కాపాడుకోవాలంటే రెండు రోజులు మేత ఆపండి. గోల్డ్ ఫిష్‌కు దానివల్ల నష్టమేమీ లేదు. ఆ తరువాత రోజుకొకసారి, రెండు నిమిషాలలో తినేయగలిగినంతే వేయండి. మూత లేని బకెట్‌లో ఒక రోజు ఉంచి క్లోరిన్ పోగొట్టిన నీటితో రోజూ మూడోవంతు నీరు మార్చండి. ద్రావణం చుక్కలతో పరీక్షించే అమ్మోనియా, నైట్రైట్ కిట్లు కొనండి. రెండూ సున్నా చూపేదాకా ఈ క్రమం మానవద్దు. మీ కుళాయి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) ఎంతో కూడా చూసుకోవడం అవసరం. అమ్మోనియాలో విషపూరితమైన రూపం పీహెచ్ 7 దగ్గర, 25 డిగ్రీల వేడిలో నూటికి ఒక పాలు కూడా ఉండదు, పీహెచ్ 8 దగ్గర అది దాదాపు 5 పాళ్లకు, 8.5 దగ్గర సుమారు 15 పాళ్లకు చేరుతుంది. పక్కింటివారి చేపలకు ఏమీ కాని మోతాదు మీ చేపలను చంపడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఒకవేళ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తే చేపలు లేకుండానే సైక్లింగ్ చేయండి. మీ తొట్టి కొలత ప్రకారం సుమారు 70 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 60 లీటర్ల నీరు ఉంటుంది. దానికి 0.4 గ్రాము అమ్మోనియం క్లోరైడ్ కలిపితే దాదాపు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. (ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వాడే నవసాగరం ఇదే పదార్థం, కాని బజారు సరుకులో ఏమేమి కలిసి ఉంటాయో చెప్పలేం కాబట్టి ల్యాబులకు సరఫరా చేసే దుకాణంలోనే కొనండి.) అమ్మోనియా తగ్గినప్పుడల్లా మళ్లీ కొంచెం వేస్తూ పోతే, కొన్ని రోజులకు నైట్రైట్ పెరిగి, మరికొన్ని వారాలకు అదీ పడిపోతుంది. వేసిన 2 పీపీఎం ఒక రోజులో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపిన రోజున నీరు సిద్ధమైనట్టు. అప్పటికి పేరుకున్న నైట్రేట్ పోవడానికి సగానికి పైగా నీరు మార్చి చేపలను వదలండి. తెలిసినవారి ఇంట్లో నెలల తరబడి నడుస్తున్న అక్వేరియం ఉంటే, వారి స్పాంజిలో ఒక ముక్కను తడి ఆరనివ్వకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టడం పాలకు తోడు వేయడం వంటిది. వారాల పని రోజులలోకి వస్తుంది. ఆ తొట్టిలో తెల్లమచ్చల జబ్బు లేదని మాత్రం ముందే రూఢి చేసుకోండి.

గంటకు 250 నుంచి 300 లీటర్లు తోడే ఫిల్టరు మీ తొట్టికి సరిపోతుంది. దానికి రాత్రి విశ్రాంతి ఇవ్వకండి. ఆ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు నిరంతరం అందాలి. కరెంటు గంటలకొద్దీ పోయే చోట బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు దగ్గర పెట్టుకోండి. చేపల సంఖ్య గురించి కూడా నిష్ఠూరంగా ఒక మాట: ఫిల్టరు ఎంత కుదురుకున్నా ఈ తొట్టికి ఆరు గోల్డ్ ఫిష్‌లు ఎక్కువే, రెండుతో ఆగండి.

ప్రశ్న: మా నాన్నగారు వనామీ రొయ్యల సాగు చేస్తారు. చెరువులో వాడే ప్రోబయాటిక్, జియోలైట్ ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. వాటిని మా కొత్త అక్వేరియంలో వేస్తే నెల రోజులు ఆగే పని తప్పుతుందా?
– ఒక విద్యార్థి, భీమవరం

సమాధానం: తప్పదు. చెరువుల ప్రోబయాటిక్‌లలో, అంటే మేలు చేసే సూక్ష్మజీవుల మందులలో, ఎక్కువగా ఉండేది బాసిల్లస్ జాతి. అవి అడుగున చేరిన మేతను, మలాన్ని కుళ్లగొట్టి తగ్గిస్తాయి. ఆ పనిలో అమ్మోనియా పుడుతుందే గాని పోదు. బాసిల్లస్ బీజరూపంలో పొడిగా ఏళ్లు నిలువ ఉండగలదు. అమ్మోనియాను మార్చే జీవులకు ఆ శక్తి లేదు కాబట్టి, అవి ఉన్నాయని రాసిన పొడి సంచులను నేను అంత తేలికగా నమ్మను.

జియోలైట్ అనే ఖనిజం నిజంగానే అమ్మోనియాను పట్టుకుంటుంది. ఉన్నట్టుండి చేపలు ఊపిరికి తన్నుకుంటున్నప్పుడు చిన్న గుడ్డసంచిలో కట్టి ఫిల్టరులో పెట్టడం మంచి ఉపాయమే. మొదటి రోజు నుంచే పెడితే మాత్రం సూక్ష్మజీవుల ఆహారాన్ని అది లాగేసుకుంటుంది, సైక్లింగ్ ఇంకా ఆలస్యమవుతుంది. పైగా నైట్రైట్ పెరిగినప్పుడు లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కలపమని మేము సలహా ఇస్తుంటాం. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. తొట్టిలో జియోలైట్ ఉండగా ఉప్పు వేస్తే, అది పట్టుకున్న అమ్మోనియా తిరిగి నీటిలోకి వచ్చేస్తుంది. కాబట్టి ఉప్పు వేసేముందు సంచి తీసేయండి. మీ ఉప్పునీటి చెరువులో కొంత నైట్రైట్‌ను రొయ్యలు తట్టుకుంటున్నాయంటే దానికి కారణం ఆ క్లోరైడే. మంచినీటి అక్వేరియానికి అదే కొలబద్ద పెట్టుకోకూడదు.

చెరువు నీటిని గాని, మట్టిని గాని తోడుగా తెచ్చి వేయకండి, రోగాలు వెంట వస్తాయి. మీకున్న అసలైన సౌకర్యం మరొకటి ఉంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాలలో ఆక్వా రైతుల కోసం నడిచే ల్యాబులలో అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నిలిపే క్షారగుణం) పరీక్షిస్తారు. నాన్నగారి చెరువు నీటితోపాటు మీ తొట్టి నీటినీ ఒక సీసాలో పంపండి. ఆల్కలినిటీ అంకెను నిర్లక్ష్యం చేయకండి. ఈ సూక్ష్మజీవులు పని చేసేకొద్దీ అది కరిగిపోతుంది, అడుగంటితే పీహెచ్ పడిపోయి వాటి పని ఆగుతుంది. తొట్టిని పూర్తిగా ఆర్.ఓ. నీటితో నింపేవారికి ఈ ఇబ్బంది తొందరగా వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా తాతగారు కుళాయి నీరు బకెట్‌లో పట్టి, ఒక రోజు ఉంచి, చేపల తొట్టిలో పోసేవారు. ఇక్కడ నేనూ అలాగే చేస్తున్నా నీరు మార్చిన ప్రతిసారీ చేపలు సొమ్మసిల్లుతున్నాయి.
– ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: తాతగారి పద్ధతి క్లోరిన్ కలిపిన నీటికి సరైనదే, మూత లేని బకెట్‌లో ఒక రోజు ఉంచితే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. డాలస్ నగరం నీటిని శుద్ధి చేసేది క్లోరమైన్‌తో. అది క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం, బకెట్‌లో ఒక రోజు ఉంచినంతమాత్రాన పోదు. సోడియం థయోసల్ఫేట్ ఒక్కటే ఉన్న మందు వేస్తే క్లోరిన్ విరిగిపోతుంది గాని, విడివడిన అమ్మోనియా నీటిలోనే ఉంటుంది. క్లోరమైన్‌కు పనికివస్తుందనీ, అమ్మోనియాను కూడా బంధిస్తుందనీ సీసా మీద స్పష్టంగా రాసి ఉన్న వాటర్ కండిషనర్ కొనండి. అది వేశాక కూడా కొన్ని కిట్లు బంధించిన అమ్మోనియాను కలిపి చూపుతాయి కాబట్టి, మొదటి రోజు అంకె చూసి కంగారుపడి మళ్లీ నీరు మార్చకండి. బకెట్‌లో కలిపితే బకెట్ నీటికి సరిపడా, పైపుతో నేరుగా తొట్టిలోకి పడితే తొట్టి మొత్తానికి సరిపడా మందు కొలిచి, నీటికంటే ముందు వేయండి.