ఇంటి ఖర్చు తగ్గాలా? ముందు కూరగాయలకి లిస్టు రాయడం మానేయండి

మీరు అడిగింది ఇది: నెలకి 45 వేల జీతం, ఇద్దరు పిల్లలు, ఏది ముట్టుకున్నా ధర మండిపోతోంది, సరుకులు, కూరగాయలు, పాలు, గ్యాస్, వీటిలో ఎక్కడ తగ్గించుకోవాలి అని. ఇలా అడిగితే అందరూ చెప్పే మొదటి మాట ఒకటుంది. "ఏం కొనాలో లిస్టు రాసుకుని వెళ్ళండి, లిస్టులో లేనిది ముట్టుకోకండి" అని. కందిపప్పుకీ సబ్బులకీ అది సరే. కూరగాయలకి మాత్రం ఇంతకన్నా ఖరీదైన సలహా లేదంటాను. నేనిది ఊరికే అనడం లేదు. మా ఇంట్లో 2023 జూలైలో తేలిపోయిన విషయం.

మాది విశాఖపట్నం. నేను ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయనకి ఖర్చులు రాసే పిచ్చి. కంప్యూటర్లో ఒక షీటు ఉంటుంది, దాంట్లో కొత్తిమీర కట్టకి కూడా ఒక గడి ఉంటుంది. రాస్తారు కానీ తగ్గించరు, అది వేరే సంగతి.

ఆ జూలై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లోనే మొదటి రకం టమాటా కిలో 200 దరిదాపుల్లోకి పోయిన నెల. మా వీధి బండి మీద 130 చెప్పేవాడు, అదీ మెత్తబడ్డవి. ప్రభుత్వం రైతు బజార్లలో సబ్సిడీ మీద కిలో 50కి అమ్మించింది, మనిషికి ఒక్క కిలో. మా ఆయన పేపర్లో అది చూసి శనివారం రాత్రే ప్రకటించేశారు. "రేపు పొద్దున్నే అందరం వెళ్తున్నాం. నలుగురం కాబట్టి నాలుగు కిలోలు." నలుగురిలో మా అత్తగారు ఒకరు. ఆవిడకి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. "కూర్చుంటుందిలే అక్కడ" అన్నారు ఆవిడ కన్నకొడుకు.

ఆదివారం ఆరున్నరకి బయల్దేరాం. బైకు మీద నలుగురం పట్టం కదా, ఆటో. పొద్దున్నే కదా అని 120 అన్నాడు. వెళ్ళేసరికి గేటు బయట దాకా లైను. ఆడవాళ్ళకి ఒకటి, మగవాళ్ళకి ఒకటి అన్నారు గానీ ఎవరు ఎందులో ఉన్నారో దేవుడికే తెలియాలి. సన్నగా వాన. మా అత్తగారిని ఒక బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చోబెట్టాం. ఆవిడ చుట్టూ చూసి, "ఏటిరా ఈ జనం? రామములగ పళ్ళ కోసమా ఇదంతా?" అన్నారు. ముందు నిలబడ్డ ఓ కుర్రాడు రామములగ అంటే ఏంటని నన్నడిగాడు. మా వైపు పాతవాళ్ళు టమాటాని అలాగే అంటారని చెప్పాను.

గంటా నలభై నిమిషాలు నిలబడ్డాం. మావాడు అప్పుడు తొమ్మిదో తరగతి, వాడికి కాళ్ళు పీకుతున్నాయి, ఆకలి. మధ్యలో వెళ్ళి నలుగురికీ ఇడ్లీ కట్టించుకొచ్చాడు, 160. ఆఖరికి కౌంటర్ దగ్గరికి చేరితే అక్కడి మనిషి మావాడి వైపు చూసి "పిల్లలకి లేదమ్మా" అన్నాడు. ట్రే మీద కూర్చున్న అత్తగారిని చూపిస్తే ఆవిడ పేరు మీద ఒకటి ఇచ్చాడు. మొత్తం మూడు కిలోలు. ఏరుకోనివ్వరు. ఇంటికొచ్చి గిన్నెలో పోస్తే ముప్పావు కిలో దాకా పగిలినవీ మచ్చలున్నవీ.

మా ఆయన షీటు తెరిచి "టమాటా, ఆదా 240" అని పెట్టారు. బయట 130, ఇక్కడ 50, తేడా 80, మూడు కిలోలకి 240. లెక్క కరెక్టే. రానూపోనూ ఆటో 240 "ప్రయాణాలు"లోకి వెళ్ళింది. ఇడ్లీ 160 "ఇతరములు"లోకి వెళ్ళింది. నేను లెక్కల టీచర్ని కదా, ఈ మూడు గడులూ కూడి చూపించాను. ఆ రోజు సాయంత్రం దాకా మా మధ్య మాటల్లేవు.

అసలు సంగతి అది కాదు. మేం లైన్లో ఉన్నప్పుడు మా అత్తగారు ఊరికే కూర్చోలేదు. కాస్త అవతల గోనెసంచి పరుచుకుని కూర్చున్న ఒక ముసలామెతో కబుర్లు మొదలుపెట్టారు. ఆ కబుర్లలోనే రెండు కట్టల గోంగూర, కిలోన్నర దోసకాయలు, ఒక ఆనపకాయ కొనేశారు. అన్నీ కలిపి 85 రూపాయలు. కొసరుగా గుప్పెడు కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు కూడా కొంగులో పడ్డాయి. ఆ మధ్యాహ్నం దోసకాయ పప్పు చేశారు. నేను అలవాటుగా రెండు టమాటాలు తరుగుతుంటే చేతిలోంచి లాక్కుని, "పులుపుకి దోసకాయ ఉంది, చాలకపోతే చింతపండు ఉంది, మజ్జన ఇదెందుకు?" అన్నారు.

నిజంగా ఎందుకు? నేను ఆ ప్రశ్న అంతకు ముందెప్పుడూ వేసుకోలేదు. నా వంటలో పప్పులో టమాటా, బెండకాయలో టమాటా, గుడ్డు కూరలో టమాటా, చారులో టమాటా. వారానికి మూడు కిలోలు. పెళ్ళయి హైదరాబాదులో ఆరేళ్ళు హోటల్ మార్కు గ్రేవీల మధ్య బతికి తెచ్చుకున్న అలవాటు. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన పండు అది. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో తద్దినం వంటలో టమాటా పడనివ్వరు. ఆ భోజనం తిని ఎవరైనా రుచి లేదన్నారా? ఆవ పెట్టిన కంద బచ్చలి, చింతపండు పోసిన ముక్కల పులుసు, మజ్జిగ పులుసు, చుక్కకూర పప్పు, ఉల్లికారం పెట్టిన కాకరకాయ, వీటిలో వేటికి టమాటా కావాలి? మామిడి ఒరుగులు వేసిన పప్పు ముందు టమాటా పప్పు ఏ మూలకి? మన వంటలో పులుపుకి ఎన్ని దారులున్నాయో లెక్క పెట్టండి. ఒక దారిలో టోలు పెంచితే ఇంకో దారిన పోవడం మానేసి, అదే టోలు గేటు ముందు గంటా నలభై నిమిషాలు నిలబడ్డాం మేం.

ఆ రోజు నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా మా ఇంటికి టమాటా రాలేదు. మావాడు రెండు వారాల తర్వాత గాని గమనించలేదు, అదీ నూడుల్స్‌లో సాస్ అడిగినప్పుడు. మా ఆయన మాత్రం రోజూ "చారు ఎందుకో తేడాగా ఉంది" అంటూ రెండోసారి పోసుకునేవారు.

నేను నేర్చుకున్నది ఇంతే. రైతు బజారు గేటు దగ్గర ధరల బోర్డు ఉంటుంది కదా. అందరూ తమకి కావలసిన కూరగాయ పేరు వెతుక్కుని దాని ఎదురుగా ఉన్న అంకె చూసి ఉసూరుమంటారు. మీరు ముందు అంకెలు చూడండి. అన్నిటికన్నా చిన్న అంకెలు నాలుగు ఏరుకోండి, తర్వాత వాటి ఎదురుగా ఏ పేరుందో చూడండి. ఆ వారం వంట అదే. ఆనపకాయా? సరే. అరటికాయా? మంచిదే. వంకాయ 20 ఉంటే నాలుగు రోజులూ వంకాయే, నాలుగు రకాలుగా. ఇంట్లో కూర్చుని "సోమవారం క్యాలీఫ్లవర్, మంగళవారం బీన్స్" అని రాసుకుని వెళ్ళారంటే, ఆ వారం బీన్స్ 120 ఉన్నా మీ చేతిలో చీటీ మిమ్మల్ని కొనిపిస్తుంది. చౌకగా ఉందంటే పంట బాగా వస్తోందని, అంటే అప్పుడే తాజాగా ఉంటుందని. ఈ ఒక్క మార్పుతో మాకు కూరగాయల ఖర్చు మూడో వంతు తగ్గింది. షీటులో ఉంది, మా ఆయన ఒప్పుకోరు గానీ.

సాయంత్రం ఏడు దాటాక వెళ్తే ఇంకా నయం. ఆకుకూరలు తెల్లారేసరికి వాడిపోతాయి కాబట్టి కట్ట మీద కట్ట ఇచ్చేస్తారు. పాపం అనిపిస్తుంది, నిజమే. రైతు సంగతి తలుచుకుంటే ఇంకా పాపం. జూలైలో 200 పలికిన అదే టమాటాకి ఆ సెప్టెంబరులో కిలోకి పది రూపాయలు కూడా రాక రోడ్డు మీద పారబోసుకున్నారు. రేటు పెరిగిందని జూలైలో అందరూ నాట్లు వేస్తే రెండు నెలలకి ఒక్కసారి కాపుకొస్తుంది మరి. మనం ధర ఉన్నప్పుడు ఎగబడి, పడిపోయినప్పుడు పట్టించుకోం.

ఇలా ఎగబడటం మన ఒక్క ఊరి జబ్బు కూడా కాదు. సరిగ్గా ఆ ఆదివారమే మా ఆడపడుచు డల్లాస్ నుంచి ఫోను. అంతకు మూడు రోజుల ముందు, జూలై 20న, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులు మన దేశం ఆపేసింది. అక్కడ ఇండియన్ స్టోర్లలో సోనా మసూరి బస్తాల కోసం జనం తోసుకుంటున్నారట. ఆవిడ ఇంట్లో మనుషులు ఇద్దరు, కొన్న బస్తాలు ఐదు. వాళ్ళమ్మ ఫోన్లో అడిగిన మాట, "పురుగు పడితే ఏం చేస్తావే?" పట్టింది కూడా.

బియ్యం అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు బస్తా 26 కిలోలు ఎందుకు ఉంటోందో తెలుసా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. 25 దాటితే లేదు. మిల్లులవాళ్ళు ఒక కిలో కలిపి 26 చేశారు. మా పక్కింటావిడ పాత బస్తా ధరతో కొత్త బస్తా ధర పోల్చుకుని షాపతనితో దెబ్బలాడింది, కిలో ఎక్కువుందని చూడకుండా. ఆ మధ్య ఇంకో షాపులో నేనే మోసపోయాను. నూనె ప్యాకెట్ ఒకటి 140, ఇంకోటి 135. ఐదు రూపాయలు మిగిలాయని రెండోది తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే మొదటిది లీటరు, అంటే 910 గ్రాములు, నేను తెచ్చింది 850. కిలోకి లెక్కేస్తే నాదే ఐదు రూపాయలు ఎక్కువ. లెక్కల టీచర్ని! గ్రాముకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీదే వేయాలని రూలుంది. వేస్తారు కూడా, చీమ తలకాయంత అక్షరాలతో. కళ్ళజోడు లేకుండా షాపుకి వెళ్ళకండి, ఇది మాత్రం రాసి పెట్టుకోండి.

ఇక పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌ల గురించి నన్ను మాట్లాడనివ్వకండి. కరివేపాకు ప్యాకెట్ పన్నెండు రూపాయలు! కరివేపాకు! కొసరుగా వేసే వస్తువుకి బార్‌కోడ్ అంటించారు. పైగా చిన్న ఆర్డర్ అయితే డెలివరీకి పాతిక, అది తప్పించుకోవడానికి మనం అక్కర్లేని చిప్స్ రెండు కలుపుతాం. మా ఇంట్లో ఆ యాప్ మావాడి ఫోన్లో ఉంటుంది. పరీక్షలప్పుడు తీసేయిస్తాను, సెలవుల్లో మళ్ళీ వచ్చేస్తుంది. ఒక నెల దాని ఖర్చు విడిగా రాయమన్నాను మా ఆయన్ని. 1,840 వచ్చింది. అందులో వంటకి పనికొచ్చినవి ఏమున్నాయో వెతికితే ఒక పెరుగు డబ్బా, ఒక కొత్తిమీర కట్ట.

టమాటా మీద నాకు పగేం లేదు. మాఘం వెళ్ళాక ఎండలు ముదురుతున్నప్పుడు, కిలో 15కి దొరుకుతున్నప్పుడు, ఐదు కిలోలు కొని ముక్కలు కోసి ఉప్పేసి మేడ మీద ఎండబెడతాం. మా అత్తగారు గొడుగు కింద కూర్చుని కాకుల్ని తోలతారు. చింతపండు, కారం, మెంతిపిండి కలిపి జాడీకి ఎత్తితే మళ్ళీ జూలై దాకా వస్తుంది. అప్పుడు బండివాడు ఎంత చెప్పినా మా ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు. మొన్న ఏడాది జాడీ మూత సరిగా పెట్టక బూజు పట్టింది, అది ఎవరు పెట్టారో ఇక్కడ రాయను. షీటులో ఆ నష్టం "ఇతరములు" కింద ఉంది.

గ్యాస్ సంగతి అడిగారు. పప్పు గంట ముందు నానబెట్టండి, కుక్కర్‌లో రెండు కూతలు తగ్గుతాయి. అంతకు మించి నాకు తెలిసిన కిటుకు లేదు. పాల గురించి మాత్రం నన్ను అడక్కండి. మా ఇంట్లో కాఫీ తాగేవాళ్ళు ముగ్గురు, అత్తగారికి మూడో కాఫీ సాయంత్రం ఆరింటికి పడాల్సిందే, అదీ చిక్కగా. ఆ పద్దు జోలికి నేను వెళ్ళను.