అప్‌డేట్ తర్వాత సిస్టమ్ లేవట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఫైళ్లు బయటికి తీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుంటూరు అరండల్‌పేటలో అకౌంట్స్ ఆఫీసు, విండోస్ 11 ల్యాప్‌టాప్. రాత్రి 'అప్‌డేట్ అండ్ షట్ డౌన్' నొక్కి ఇంటికెళ్లారు. పొద్దున ఆన్ చేస్తే 'ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్' అని వస్తుంది, కాసేపు తిరుగుతుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. షాపతను చూసి "ఫార్మాట్ కొట్టాలి సార్, డేటాకి గ్యారంటీ ఇవ్వలేం" అన్నాడు. మిర్చి కమిషన్ షాపుల ట్యాలీ (పద్దులు రాసే సాఫ్ట్‌వేర్) డేటా మొత్తం అందులోనే ఉంది. బ్యాకప్ డి డ్రైవ్‌లో ఉంది కదా, పర్వాలేదా అనీ, ఇకమీదట అప్‌డేట్లు ఆపేసుకోవచ్చా అనీ అడిగారు.

నేను విజయవాడ గవర్నర్‌పేట చుట్టుపక్కల ఆడిటర్ల ఆఫీసుల్లో సిస్టమ్స్ చూస్తుంటాను. ఈ కేసు నాకు నెలనెలా తగులుతుంది. నెలనెలా అని ఊరికే అనడం లేదు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది, మన టైములో ఆ రాత్రి పదిన్నర, పదకొండున్నర అవుతుంది. రెండో మంగళవారం ఎప్పుడూ 8 నుంచి 14వ తారీఖు లోపే పడుతుంది. అమ్మకాల వివరాలిచ్చే నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1 గడువేమో 11. అందుకే సరిగ్గా రిటర్నుల హడావుడిలో ఉండగానే ఫోన్లు మోగుతాయి.

ఫార్మాట్‌కి ఇప్పుడే ఒప్పుకోకండి. విండోస్ లేవకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. అప్‌డేట్ మధ్యలో చెడితే దెబ్బతినేవి మామూలుగా విండోస్ సొంత ఫైళ్లు, డ్రైవర్లు, సిస్టమ్‌ని లేపే బూట్ ఫైళ్లు. మీ ట్యాలీ, మీ ఎక్సెల్ షీట్లు అదే డిస్కులో ఎక్కడివక్కడే ఉంటాయి. వాటికి గండం మొదలయ్యేది ఎవరో ఒకరు రిపేరుకి చెయ్యి పెట్టాకే. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు ఫైళ్లు బయటికి, ఆ తర్వాతే విండోస్ సంగతి. షాపులో ఈ వరస పాటించరు, ఎందుకంటే విండోస్ ఎక్కించడం వాళ్లకి తేలిక, ఫైళ్లు ఏరడం ఒక పూట పని. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు, మనమే అడగాలి.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి చెడి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే ప్రపంచమంతా 85 లక్షల విండోస్ సిస్టమ్స్ నీలం తెరతో పడిపోయాయి. విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు, గుర్తుండే ఉంటుంది. అంతటి గొడవకీ మందు ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైన ఫైళ్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) వెళ్లి ఒక్క ఫైలు తీసెయ్యడం. ఫార్మాట్ కాదు.

సరే, మీ ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ముందు పెన్‌డ్రైవులు, ప్రింటరు, బయటి డిస్కులు అన్నీ పీకేసి ఒకసారి ఆన్ చేసి చూడండి. నవ్వకండి, మర్చిపోయిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వబోయి ఆగిపోయిన సిస్టమ్స్ బోలెడు. తర్వాత అందులో పాత హార్డ్ డిస్కే ఉంటే చెవి దగ్గర పెట్టి వినండి. టిక్ టిక్‌మని ఆగి ఆగి చప్పుడొస్తుంటే అన్నీ ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి, డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ లాంటివి అస్సలు నడపొద్దు. పెద్ద అప్‌డేట్ అంటే డిస్కు మీద గంటల తరబడి రాత కోతే, ముసలి డిస్కు ఆ రోజే చేతులెత్తేస్తుంది. నింద మాత్రం అప్‌డేట్ మీద పడుతుంది.

చప్పుడేమీ లేకపోతే ముందుకెళ్దాం. 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' ఉన్న నీలం తెర దానంతటదే రాకపోతే, లోగో కనబడగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్యండి. ఇలా వరసగా రెండుసార్లు చేస్తే మూడోసారి వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్.

ఇక్కడే చాలామందికి బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, అడ్డం పడుతుంది. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. "నేనెప్పుడూ లాక్ పెట్టలేదే" అంటారు అందరూ. మీరు పెట్టక్కర్లేదు. విండోస్ 11 వచ్చిన ల్యాప్‌టాపుల్లో చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదటిసారి లాగిన్ అవ్వగానే డిస్కుకి తాళం దానంతటదే పడుతుంది, కీ ఆ అకౌంటులోకి చేరుతుంది. ఫోన్లో అదే అకౌంటుతో మైక్రోసాఫ్ట్ సైటులోకి వెళ్లి మీ డివైసులు, రికవరీ కీలు చూడండి. తెర మీద కీ ఐడీ అని చూపిస్తుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోయే వరసలో ఉన్నదే మీ కీ.

అకౌంటులో కీ లేదా? ల్యాప్‌టాప్ కొన్న రోజున సెటప్ చేసిందెవరో గుర్తు తెచ్చుకోండి. పటమటలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేసే అమ్మాయికి ఇలాగే అయింది. ఆమె అకౌంట్ ఖాళీ. కొన్నప్పుడు షాపు కుర్రాడు పని తొందరగా తెమలాలని తన మెయిల్‌తోనే లాగిన్ చేసి ఇచ్చేశాడట. అతనికి ఫోన్ చేస్తే సైట్ తెరిచి, "అక్కా, ఇందులో చాలా ల్యాప్‌టాపులున్నాయి, మీదేదో తెలీడం లేదు" అన్నాడు. ఊళ్లో సగం మంది తాళాలు అతని జేబులో ఉన్నాయన్నమాట! ఐడీ చదివి వినిపిస్తే అప్పుడు దొరికింది. కీ లేకుండా మాత్రం ఎవరూ తెరవలేరు. డిస్కు విప్పి వేరే సిస్టమ్‌కి తగిలించినా లోపల కనబడేది చెత్తే.

కమాండ్ ప్రాంప్ట్ నల్ల తెర వచ్చాక భయపడాల్సిందేమీ లేదు. బయటి డిస్కు ఇప్పుడు తగిలించి, నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. మామూలు నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'టెక్స్ట్ ఫైల్స్' అన్నచోట 'ఆల్ ఫైల్స్' పెట్టండి. ఎడంపక్క 'దిస్ పీసీ'లోకి వెళితే మీ డ్రైవులన్నీ కనబడతాయి. అక్కడ అక్షరాలు తారుమారు కావచ్చు, మీ సీ డ్రైవ్‌కి డి అని చూపించినా కంగారుపడకండి, యూజర్స్ ఫోల్డరు ఎందులో ఉంటే అదే మీది. ఎక్స్ అని కనబడేది ఈ రికవరీ తెర సొంత డ్రైవ్, దాన్ని వదిలెయ్యండి. కావాల్సిన ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి కాపీ, బయటి డిస్కులోకి వెళ్లి పేస్ట్, అంతే. కాపీ అవుతున్నట్టు గీత ఏదీ కనబడదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అది కాపీ అవుతున్న లక్షణమే, టీ తాగి రండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అవుట్‌లుక్ మెయిల్ ఫైళ్లు అక్కడే మొరాయిస్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్న డిస్కు పెట్టుకోండి.

ట్యాలీ విషయంలో ఒక్క మాట. అందరూ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీసుకుని అయిపోయిందనుకుంటారు. ట్యాలీప్రైమ్ మనం మార్చకపోతే డేటాని సీ డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, ట్యాలీప్రైమ్, డేటా అనే చోట దాస్తుంది. అందులో కంపెనీ పేర్లు ఉండవు, అంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి. షాపులో ఎవరైనా ఆ అంకెల్ని చూసి ఏదో చెత్త అనుకుని వదిలేస్తే ఏడాది పద్దులు పోయినట్టే. డీటీపీ సెంటర్ల వాళ్లయితే అను ఫాంట్లు కూడా తీసుకోవాలి, లేకపోతే పేజీ తెరిచాక తెలుగు బదులు పిచ్చిగీతలే.

ఫైళ్లు బయటికొచ్చాక ఇక ధైర్యంగా రిపేరు చేసుకోవచ్చు. అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' ఉంటుంది. నెలవారీ అప్‌డేట్ అయితే క్వాలిటీ అప్‌డేట్ తీసెయ్యండి. విండోస్ వెర్షనే మారినట్టయితే ఫీచర్ అప్‌డేట్ తీయాలి, దానికి మామూలుగా పది రోజులే గడువు, తర్వాత పాత విండోస్‌ని అదే చెరిపేస్తుంది. దీంతోనే చాలావరకు లేస్తాయి. లేవకపోతే స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, సేఫ్ మోడ్, ఈ వరసలో. ఏదీ కుదరకపోతే చివర్లో 'రీసెట్ దిస్ పీసీ'. 'కీప్ మై ఫైల్స్' అని ఉన్నా ట్యాలీ, ఆఫీసు లాంటి ప్రోగ్రాములన్నీ పోతాయి, మళ్లీ ఎక్కించుకోవాలి.

యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని కమాండ్లు కొట్టకండి. బూట్‌రెక్‌తో ఎంబీఆర్ (డిస్కు మొదట్లో ఉండే బూట్ సమాచారం) సరిచేసే కమాండు పాత తరహా సిస్టమ్స్‌కి, మీ ల్యాప్‌టాప్‌కి దాంతో పనే లేదు. డిస్కుని వాటాలు చేసే డిస్క్‌పార్ట్‌లో 'క్లీన్' అన్నది ఇంకా దారుణం, పార్టిషన్లన్నిటినీ (సీ, డి లాంటి వాటాలు) ఒక్క దెబ్బకి తుడిచేస్తుంది.

ఇక మీ డి డ్రైవ్ బ్యాకప్. అది బ్యాకప్ కాదండి. సీ, డి రెండూ మామూలుగా ఒకే డిస్కుకి గీసుకున్న వాటాలు, ఒకే ఇంట్లో రెండు గదుల్లాంటివి. డిస్కు పోతే రెండూ పోతాయి, ల్యాప్‌టాప్ దొంగ ఎత్తుకెళ్లినా అంతే, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. బయటి హార్డ్ డిస్కు ఒకటి కొని, వారానికోసారి కాపీ చేసి, అవ్వగానే కేబుల్ పీకెయ్యండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే అదీ సిస్టమ్‌లో భాగమే.

ఆ డిస్కు కూడా ఆఫీసు బీరువాలోనే పెడితే సగం పనే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు నా దగ్గరికి వచ్చిన సంచుల్లో సీపీయూ, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కు రెండూ బురదతోనే వచ్చాయి. డిస్కు కేబుల్ సందులోంచి కూడా బురద కారుతుంటే ఆ మనిషి "బ్యాకప్ ఉందండీ, ఇదిగో" అని చేతిలో పెట్టాడు. ఏం చెబుతాం? అందుకే రెండో కాపీ వేరే ఇంట్లో ఉండాలి, లేదా క్లౌడ్‌లో. గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఊరికే ఇస్తాయి, ట్యాలీ బ్యాకప్ ఫైళ్లకి చాలావరకు సరిపోతుంది. కాకపోతే వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతున్న ఫోల్డరు అచ్చంగా బ్యాకప్ కాదు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, రీసైకిల్ బిన్‌లో నెల రోజులుంటుంది, అంతే.

ట్యాలీలో ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసుకున్నాక, దాన్ని ఇంకో సిస్టమ్‌లో రిస్టోర్ చేసి ఒక లెడ్జరు తెరిచి చూడండి. అదే సిస్టమ్‌లో చూడాలంటే వేరే ఫోల్డరులోకి రిస్టోర్ చేయండి, లేదంటే పాత డేటా వచ్చి ఇవాళ్టి ఎంట్రీల మీద కూర్చుంటుంది.

అప్‌డేట్లు పూర్తిగా ఆపేసుకోవచ్చా అంటే, వద్దు. బ్యాంకు లాగిన్లు, జీఎస్టీ లాగిన్లు ఉన్న సిస్టమ్ అది. అయినా అప్‌డేట్ల మీద గుడ్డి నమ్మకం కూడా అక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 కొత్త వెర్షన్ ఎక్కించుకున్న కొందరికి డాక్యుమెంట్స్ ఫోల్డర్లే మాయమయ్యాయి, మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకుని నవంబర్‌లో సరిచేసి మళ్లీ వదిలింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర ఐదు వారాల వరకు 'పాజ్' చేసుకునే వీలుంది. నేను ఆఫీసులకి రెండో మంగళవారానికి ముందే పాజ్ పెట్టించి, 20న జీఎస్టీఆర్-3బీ (నెలవారీ పన్ను కట్టే రిటర్ను) వేసేశాక, ఆ శనివారం బ్యాకప్ తీసి, చార్జర్ పెట్టి, అప్పుడు చేయిస్తాను. ఎండాకాలం కరెంటు మీద నమ్మకం ఉండదు కాబట్టి డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ బతికుందో లేదో కూడా చూసుకోండి. మీ ఆఫీసులో విండోస్ 10 సిస్టమ్స్ ఇంకా ఉంటే వాటికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, ఆ సంగతి విడిగా చూసుకోవాలి.

రిపేర్ తెర వచ్చే ముందు 'స్టాప్ కోడ్' అని ఏదైనా మెరిసి పోతోందా? ఫోన్లో వీడియో తీస్తే దొరుకుతుంది. 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని ఉంటే అప్‌డేట్ తీసే ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) ఒక సెట్టింగు చూడాలి. ల్యాప్‌టాప్ మోడల్, ఆ కోడ్ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.